మా ఇంట్లో దువ్వెన ఎవరిది?

పిల్లలకు లెక్కలు వస్తాయో రావో తేల్చడానికి పరీక్షలెందుకండీ? దండగ! మగపిల్లాడా, ఆడపిల్లా అని చూస్తే చాలదూ? ఈ ఒక్క ప్రశ్నతో బల్గేరియాలో ఎంత కాగితం ఆదా అవుతుందో ప్రభుత్వం ఇంకా గుర్తించలేదు.

నేను పదమూడేళ్ల కిందటే గుర్తించాను. నాకు కవలలు, అమ్మాయి రాలిత్సా, అబ్బాయి ఓగ్న్యన్. ఇద్దరూ ఒకే వారంలో తొలి అడుగులు వేశారు. తొలి అడుగులకి మా దేశంలో చేసే వేడుక ప్రకారం మా అమ్మ గుండ్రటి రొట్టె కాల్చి తెల్లగుడ్డ మీద దొర్లించింది. ఆ చివర పొట్టి బల్ల మీద వస్తువులు పెట్టాం. ఎవరు ఏది పట్టుకుంటే పెద్దయ్యాక వాళ్ల పని అదే. బల్ల సర్దింది నేను. విధికి కాస్త సాయం చెయ్యొద్దూ! కాలిక్యులేటర్, కొలతల టేపు, స్క్రూడ్రైవర్ అబ్బాయి వైపు. దువ్వెన, గరిటె, పాటల పుస్తకం అమ్మాయి వైపు.

అబ్బాయి కాలిక్యులేటర్, అమ్మాయి దువ్వెన. ఈ సంగతి చుట్టాల పేరుపండగ విందులన్నిట్లోనూ చెప్పాను. ఓసారి పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూడా చెప్పాను.

ఓగ్న్యన్ లెక్క తప్పితే, వాడికి బుర్ర ఉంది, బద్ధకం అంతే అనేవాణ్ణి. రాలిత్సా లెక్క సరిగ్గా చేస్తే, పాపం ఎంత కష్టపడుతోందో అనేవాణ్ణి. వాడికి మూడేళ్లు ట్యూషన్. దానికి రంగు పెన్నులు. ట్యూషన్ గదిలోకి అది మిరపపచ్చడి రాసిన రొట్టెలు పట్టుకెళ్లేది, తిరిగి రావడానికి గంట పట్టేది. ఆడపిల్లలు నెమ్మది కదా అనుకున్నాను. వాడు నోటుపుస్తకం అంచుల్లో రకరకాల జడలు గీసేవాడు. ఇంజినీరింగ్ డ్రాయింగ్ అనుకున్నాను.

నా లెక్కల తెలివంటారా? మగాణ్ణి కనుక ఉండే తీరాలి. మా స్నానాలగది టైల్స్‌కి కొలతలు తీసింది నేనే. మిగిలినవాటితో పక్కింటివాళ్ల వంటగది పూర్తయింది.

ఏడో తరగతి మార్కులొచ్చాయి. లెక్కల్లో రాలిత్సాకి తొంభై ఆరు, ఓగ్న్యన్‌కి ముప్ఫై ఒకటి. హైస్కూలు ఫారాలకి ఆఖరి రోజున రాలిత్సా తన ఫారం నింపుతుంటే తొంగిచూశాను. మొదట భాషల స్కూలు రాసింది. లెక్కల స్కూలు పేరే లేదు.

"అదేంటి తల్లీ, లెక్కల స్కూలు పెట్టలేదే?"

"నాకెందుకు నాన్నా? నేను దువ్వెన పట్టుకున్నాగా. ఆ మార్కులు ఏదో కష్టపడితే వచ్చాయి."

అవి నా మాటలే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఇస్త్రీ చేస్తున్న మా ఆవిడ వెసెలీనా నా వంక చూసింది. రొట్టె దొర్లించిన రోజు తనూ ఆ గదిలోనే ఉంది.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది.

చెప్పాను. అమ్మాయి బల్ల చుట్టూ తిరిగి మరీ వెళ్లి కాలిక్యులేటర్ పట్టుకుంది. పొరపాటు పడిందనుకుని నేనే గుప్పిట విప్పి లాక్కున్నాను. గుక్కపట్టి ఏడిస్తే తేనె నాకించి, అబ్బాయి చేతిలో ఉన్నది తీసి దానికిచ్చాను.

రాలిత్సా మొదటి వరుస కొట్టేసి లెక్కల స్కూలు పేరు రాసింది. తరవాత తలెత్తి, "ఇంకేమైనా మార్చావా నాన్నా?" అని అడిగింది.

సోఫాలోంచి ఓగ్న్యన్ లేచి కూర్చున్నాడు. మూడేళ్లుగా వాడి ముఖంలో అంత ఆశ నేను చూడలేదు.

"అయితే ఆ దువ్వెన నాదేనా నాన్నా?"

చూశారా, మా వేడుక ఎంత నమ్మదగ్గదో! ఏడాది పిల్లలిద్దరూ ఎవరికి కావలసింది వాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. ఆ గదిలో తనది కానిది పట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.