కోట సలివన్ కాబోయి

ఎక్కువమందికున్న ఇంటిపేర్లలో సలివన్ మా దేశంలో మూడో స్థానంలో ఉందట. మా ఊళ్ళో మాత్రం మొదటిది, రెండోది, మూడోది కూడా అదే. చర్చిలో "సలివన్ గారూ" అని ఎవరైనా పిలిస్తే ఫాదర్ తప్ప అందరూ తిరిగి చూస్తారు.

అందుకని మా వైపు ఒక్కో కుటుంబానికి ఒక్కో తోక తగిలిస్తారు. పుట్టింట్లో నేను పీతల సలివన్ని. నాన్న సముద్రంలో పీతల బుట్టలు వేసేవాడు. ఆ పేరు వదిలించుకుందామనే పెళ్ళి చేసుకున్నాను, అబద్ధమెందుకు. తీరా చూస్తే చేసుకున్నది మేక సలివన్‌ని.

మా ఆయన ఫ్లారీ ముత్తాతగారి మేక, బిషప్‌గారు ఊరికి వచ్చిన రోజున ఆయన టోపీ తినేసింది. బిషప్ పోయారు, ముత్తాత పోయాడు, మేక పోయింది, టోపీ అయితే ఆ రోజే పోయింది. పేరు మాత్రం రాయిలా ఉంది.

సెప్టెంబరులో మా నెస్సా బడికి వెళ్ళాలి. బడిలో పందొమ్మిది మంది పిల్లలు, అందులో పదకొండు మంది సలివన్లు. పైగా కొత్తగా చేరేవాళ్ళలో ఇంకో నెస్సా సలివన్ ఉంది. అంటే కోటు తగిలించుకునే కొక్కెం మీద టీచరమ్మ తప్పకుండా తోకపేరు రాస్తుంది. ఒకసారి కొక్కెం ఎక్కిన పేరు సమాధిరాయి దాకా దిగదు.

"మన పిల్లని మేక నెస్సా అంటారు" అన్నాను ఫ్లారీతో.

"నన్ను అనలేదా? నేను బాగానే ఉన్నానుగా."

"అద్దంలో చూసుకుని మాట్లాడు."

"అసలు సలివన్ అంటేనే ఒంటికన్నువాడట. దానికంటే మేక నయం కాదూ, రెండు కళ్ళుంటాయి."

"నల్లకళ్ళవాడని కూడా అంటారు. పట్నం లైబ్రరీలో ఆయన చెప్పాడు. పెద్ద పెద్ద చదువులవాళ్ళకే ఇంకా తేలలేదట."

"తేలేలోపు టీ పెట్టు."

లైబ్రరీ ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. సలివన్లకి ఒకప్పుడు కోట ఉండేదట. శత్రువులు కోట కూల్చేశాక, నడి చలికాలంలో వెయ్యిమంది కాలినడకన ఉత్తరానికి బయల్దేరితే ముప్పై అయిదుగురు మిగిలారట. ఆ రాత్రంతా నాకు ఆ వెయ్యిమందిలో ఉన్న పిల్లలే కళ్ళముందు కదిలారు. తెల్లారేసరికి ఉపాయం తట్టింది. మేము కోట సలివన్లం అవుతాం.

మా ఊళ్ళో పేరు పుట్టేది ఫాదర్ దగ్గర కాదు, పోస్టుమాన్ టైగ్ మామ దగ్గర. ఆయన కవరు మీద చదివిందే ఇంటింటికీ చెబుతాడు. కాబట్టి నాకు నేనే ఉత్తరాలు రాసుకుంటే సరి. పట్నం వెళ్ళినప్పుడు అక్కడి డబ్బాలో వేస్తాను. పైన మాత్రం "అయిలీష్ సలివన్, కోట" అని రాస్తాను. నా పేరు అయిలీష్.

లోపల ఖాళీ కాగితం పెడితే కుదరదు. టైగ్ మామ కవరుని ఎండకి పట్టి చూసే మనిషి. ఏదో ఒకటి రాయాలి. నేను పద్నాలుగో ఏట బడి మానేసినదాన్ని. కల్పించి రాయడం నాకేం వస్తుంది? వంటింట్లో కూర్చుని కంటికి కనిపించింది రాశాను. "ప్రియమైన అయిలీష్" అని మొదలుపెట్టి, "నీ స్నేహితురాలు" అని ముగించాను.

మొదటి ఉత్తరం రాలేదు. తపాలా ఆలస్యం అనుకున్నాను. రెండోదీ రాలేదు. మూడోదాని మీద "కోట" కింద గీత గీశాను. నాలుగోదాని మీద రెండు గీతలు. ఇలా ఏడు వారాలు, ఏడు ఉత్తరాలు.

"టైగ్ మామా, నాకేమైనా ఉత్తరాలొచ్చాయా?" అని గేటు దగ్గర ఆపాను.

"మేక సలివన్లకి కరెంటు బిల్లొచ్చిందమ్మా. ఈసారి కొంచెం ఎక్కువే."

ఎనిమిదో ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందు గుంపు కనిపించింది. మధ్యలో ఎనభై ఏళ్ళ ముసలమ్మ, ఒళ్ళో చేతిసంచి, చేతిలో కాగితాలు. పక్క లోయలో ఆరు ఇళ్ళవాళ్ళున్నారు. వాళ్ళ తాత కూలిన కోట రాళ్ళు ఎత్తుకెళ్ళి ఆవుల కొట్టం కట్టుకున్నాడు. వాళ్ళని ఎప్పటినుంచో కోట సలివన్లనే అంటారట. నేను సముద్రం వైపు పిల్లని, నాకెవరు చెప్పారు? ఆ ముసలమ్మ వాళ్ళలో మనిషే, ఆవిడ పేరు కూడా అయిలీష్.

నేను నెస్సా చెయ్యి పట్టుకుని వెనక్కి జరగబోయాను.

"ఎవరో పాపం, నా స్నేహితురాలు" అంటోంది ముసలమ్మ. "సంతకం లేదు. గుర్తు రావట్లేదు. ఈ వయసులో అందరూ గుర్తుంటారా? కానీ భలే రాస్తుంది. వినండి. 'మా అత్తగారు నిన్న రొట్టె తెచ్చింది. రేవు గట్టుకి రాళ్ళు తక్కువైతే ఆవిడకి చెబితే చాలు.'"

జనం నవ్వారు. నా పక్కనే నిలబడ్డ మా అత్తయ్య అందరికంటే ఎక్కువ నవ్వింది.

"ఎవరి కోడలో గాని గట్టిదే" అంది నాతో. "ఆ అత్త మొహం చూడాలి."

"ఇంటికి పోదాం అత్తయ్యా. నెస్సాకి చలేస్తోంది."

"ఆగవే, బాగుంది."

"'మా ఆయన గురక పెడితే పైకప్పు లేచి పడుతుంది'" ముసలమ్మ చదువుతోంది. "'వాకిట్లో విరిగిన పడవ ఆరేళ్ళుగా బాగుచేస్తానంటాడు. ఇప్పుడు దాంట్లో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.'"

అత్తయ్య నవ్వు సగంలో ఆగింది. ఊళ్ళో విరిగిన పడవలు చాలానే ఉన్నాయి. కోళ్ళున్నది ఒకటే. జనమంతా మెల్లగా మా వైపు తిరిగారు. ఫ్లారీ టోపీ తీసి, లోపల ఏదో రాసి ఉన్నట్టు శ్రద్ధగా చూడసాగాడు.

ముసలమ్మకి దూరపు చూపు ఆనదు, ఇవేవీ తెలియవు. ఏడో ఉత్తరం తీసింది. నేను చెయ్యి అడ్డం పెట్టబోయాను, ఆవిడ చదవడం మొదలుపెట్టేసింది.

"'నాకు నిద్ర పట్టట్లేదు. నా పిల్లని బడిలో మేక అంటారు. నన్ను పీత అనేవాళ్ళు. నా పక్కన కూర్చుంటే నీచు వాసనని ముక్కు మూసుకునేవాళ్ళు. నాన్నకి పడవలో సాయం కావాలని బడి మానేశానని అందరూ అనుకుంటారు. నాన్న నన్ను రమ్మనలేదు. నేనే వెళ్ళాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను.'"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది.

ముసలమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "ఎవరో ఏమో" అంది. "జవాబు రాద్దామంటే అడ్రసు లేదు."

కారులో అత్తయ్య వెనక సీట్లో కూర్చుంది. మూడు మలుపులు తిరిగాక అడిగింది.

"పీత అని ఎవరన్నారు?"

"అందరూ, అత్తయ్యా."

కారు ఇంకో మలుపు తిరిగింది.

"పెళ్ళిచూపుల రోజు వంటింట్లో నేనూ అన్నాను" అంది. "రొట్టె సంగతి తర్వాత చూసుకుందాం."

సెప్టెంబరు రానే వచ్చింది. నెస్సా చెయ్యి పట్టుకుని బడికి వెళ్ళాను. మా బంధువుల పిల్లల కొక్కేల మీద పెద్దక్షరాలతో మేక, మేక, మేక. రెండో నెస్సాకి బావి నెస్సా అని ఉంది. చివరి కొక్కెం మీద, మా పిల్లకి, ఉత్తరాల నెస్సా.

టీచరమ్మ బయటి ఊరి మనిషి. "తప్పు రాశానా? ఎవరిని అడిగినా ఇదే చెప్పారు" అంది.

నెస్సా కోటు తగిలించి, వెనక్కి చూడకుండా లోపలికి పరుగెత్తింది. నేనే కాసేపు ఆ కొక్కెం పట్టుకుని నిలబడ్డాను.

బయట రెండో నెస్సా తల్లి ఆపింది. "కొత్త ఉత్తరం ఇంకా రాలేదట? మా ముసలాళ్ళు ఆదివారం చర్చి ముందు ఊరికే నిలబడి వచ్చారు. మీ అత్తగారు కూడా అడిగింది."

ఇంటికొచ్చి ఫ్లారీకి చెప్పి ఏడ్చాను.

"మేక ఒక్క టోపీ తిని వెళ్ళిపోయింది, దానికి హాయి" అన్నాను. "ఇప్పుడు పిల్ల పేరు నా మీద పడింది. ఇంతకు ముందు ఏదో నోటికొచ్చింది రాశాను. ఇక రాస్తే బాగా రాయాలి. నేను తప్పు రాస్తే దాని మనవలు కూడా మోస్తారు. నాకు కామా ఎక్కడ పెట్టాలో కూడా తెలియదు."

"అయితే మానెయ్."

"మానేస్తే ఏమవుతుంది?"

ఫ్లారీ చాలాసేపు ఆలోచించాడు. అంతసేపు ఆలోచించడం నేనెప్పుడూ చూడలేదు.

"మానేస్తే, ఉత్తరాలు మానేసిన సలివన్లం అవుతాం" అన్నాడు.

కాగితం ముందుకు లాక్కున్నాను. "ప్రియమైన అయిలీష్" దాకా వచ్చింది.