నూటికి నూరుగురు దర్జీలు

ఆ ఉదయం హుర్రియత్ టీచరు అనుకున్నది ఇంతే: బడిలో ఆఖరిదైన పదకొండో తరగతి పిల్లలు ‘నేను ఏమవుతాను’ అని నింపిన ముప్పై ఒక్క ఫారాలూ హెడ్మాస్టరు బల్ల మీద పెట్టి, త్వరగా ఇంటికెళ్ళి కూతురు సబోహత్‌కి వైద్య కళాశాల దరఖాస్తు నింపిపెట్టాలని. సబోహత్‌ది కూడా అదే తరగతి.

హెడ్మాస్టరు తుర్గునోవ్ ఫారాలు తిరగేసి తల పట్టుకున్నాడు. "పద్నాలుగు మంది ‘రష్యా’ అని రాశారేంటమ్మా? రష్యా ఒక ఉద్యోగమా?"

"వాళ్ళ నాన్నలంతా అక్కడే కూలికున్నారు కదండీ. వాళ్ళకి తెలిసిన ఉద్యోగం అదే."

"జిల్లానేలే హాకిం గారు కుట్టు ఫ్యాక్టరీ తెరుస్తుంటే రష్యానా! నా కుర్చీ ఉంటుందా? అందరూ దర్జీలవుతారని మళ్ళీ రాసిపెట్టు."

రాసింది. కూతురిది ఒక్కటీ వదిలేస్తే మిగతా తల్లులు ఊరుకోరు. కాగితమేగా అని దాని మీదా ‘దర్జీ’ అనే రాసింది.

నూటికి నూరు శాతం అనగానే హాకిం పొంగిపోయి టీవీ వాళ్ళను వెంటేసుకొచ్చాడు. తరగతిలో కుస్తీ పట్టే బఖ్రొమ్ చేత కెమెరా ముందు దిండు గలీబు కుట్టించారు. వాడు తన చొక్కా చేతిని కూడా గలీబుకి కలిపి కుట్టేశాడు. "చూశారా ఉత్సాహం!" అన్నాడు హాకిం. ఆ ఊపులోనే పిల్లల స్కూలు సర్టిఫికెట్లన్నీ ఫ్యాక్టరీలో జమ చెయ్యమన్నాడు. ఒరిజినల్ సర్టిఫికెట్ లేనిదే వైద్య కళాశాల దరఖాస్తు తీసుకోదు. గడువు పన్నెండు రోజులు.

హుర్రియత్ ఫ్యాక్టరీకి పరిగెత్తింది. "మా అమ్మాయి సర్టిఫికెట్ పొరపాటున వచ్చింది, తమ్ముడూ."

గుమాస్తా ఫారం తీశాడు. "ఇది మీ అమ్మాయి రాసిందేగా?"

కాదంటే దొంగరాత ఎవరిదో చెప్పాలి. "రాసిందే," అంది.

"మరి ఇష్టపడి వచ్చిన పిల్లని ఎందుకక్కా ఆపుతారు?"

గడువుకు ఒక్కరోజు ముందు లంచాల కేసులో హాకిం ఉద్యోగం ఊడింది. బతికాను అనుకుంటూ హుర్రియత్ మళ్ళీ పరిగెత్తింది. ఫ్యాక్టరీ గేటుకు లక్క ముద్ర. లోపలి కాగితాలన్నీ కేసులో సాక్ష్యమట.

"ఎప్పుడు తెరుస్తారు బాబూ?"

"విచారణ అయ్యాక," అన్నాడు పోలీసు, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ. "వచ్చే ఏడాదికి అవ్వచ్చు."

మర్నాడు తుర్గునోవ్ పదో తరగతి ఫారాల కట్టతో ఇంటికే వచ్చాడు. "కొత్త హాకిం గారికి టమాటా తోటలంటే ప్రాణమమ్మా. ఈసారి ఒకే చేతిరాత లేకుండా చూడు."

ఆయన వెళ్ళాక సబోహత్ తల్లి ముందు నుంచి సగం కట్ట లాక్కుంది. "ఇటివ్వమ్మా. నాకిప్పుడు ఏడాదంతా ఖాళీయేగా."

మధ్యాహ్నానికల్లా ఆమె చేతి మీదుగా పదిహేను మంది టమాటా రైతులయ్యారు.