స్నానాల గదిలో ఆయన

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. అధికారి వచ్చేసరికి ఇంట్లో మొగుడు ఉన్నట్టు కనిపించాలి, అంతే.

నిజానికి మొగుడు సముద్రం అవతల సొరంగం తవ్వుతున్నాడు. ఇక్కడి కంపెనీయే పంపింది. ఎక్కువకాలం బయట ఉంటే శాశ్వత నివాసపు కార్డు పోతుందని పక్కింటావిడ చెప్పినప్పటి నుంచి ఇల్లాలికి కంటిమీద కునుకు లేదు. కార్డు పోతే మూటాముల్లె సర్దుకుని సొంత దేశానికి పోవాలి. ముందుగదిలో ఈమధ్యే తెరిచిన కుట్టు దుకాణం మూసుకోవాలి. ఇంతలో మొన్న కార్డులిచ్చే ఆఫీసు నుంచి ఫోను: "మీవారి విషయం మాట్లాడటానికి ఎల్లుండి ఉదయం వస్తాం." ఆమె వెంటనే మొగుడికి ఫోన్ చేసి ఏడ్చింది. "ఎవరడిగినా ఊరు దాటలేదనే చెప్పండి!" అని నేర్పింది కూడా.

"అత్తయ్యా, ఆయన బూట్లు గుమ్మం దగ్గర పెట్టారా?"

"పెట్టాను. తువ్వాలు తడిపాను. పళ్ల బ్రష్షూ తడిపాను. ఇంకేం తడపమంటావు?"

"చాలు, చాలు!"

ఉద్యోగం వెతుక్కుంటూ అక్క ఇంట్లో ఉంటున్న తమ్ముడు సంచీ పట్టుకుని పాలకి బయలుదేరాడు. ఇల్లాలు చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"పాలు తర్వాత. స్నానాల గదిలోకి పో. ఇవాళ నువ్వే మీ బావవి."

"నేనా? బావకి జుట్టు లేదు కదక్కా!"

"తలుపేసుకుంటే జుట్టెవడికి కనబడుతుందిరా? నేను తలుపు మీద కొడితే దగ్గు. అంతే."

అధికారి వచ్చాడు. సన్నటి మనిషి. కాళ్లు శుభ్రంగా తుడుచుకుని, కుట్టుమిషను పక్క కుర్చీలో కూర్చుని "మీవారు..." అన్నాడో లేదో, "స్నానం చేస్తున్నారండీ!" అంది ఇల్లాలు. వెళ్లి తలుపు మీద కొట్టింది. లోపల ముగ్గురు మనుషులున్నంత దగ్గు వినిపించింది.

అత్తగారికి హుషారు వచ్చేసింది. "వాడికి ఇల్లంటే ప్రాణం నాయనా. పోయినేడంతా గడప దాటలేదు!"

అధికారి కలం ఆగింది. "మరి ఉద్యోగం?"

"ఉద్యోగమా? ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడు!"

అధికారి నిట్టూర్చాడు. "అయితే కష్టమేనమ్మా. ఇక్కడి కంపెనీ పంపితే, బయట పనిచేసిన కాలం కూడా ఇక్కడున్నట్టే లెక్క. ఆయన అక్కడే పనిచేస్తున్నారని రూఢి చేసుకుని, కార్డుకి ఢోకా లేదని చెప్పిపోదామని వచ్చాను. తీరా చూస్తే ఇంట్లో కూర్చుని కంపెనీ జీతం తీసుకుంటున్నారా?"

ఇల్లాలు రెండు చేతులూ అడ్డంగా ఊపింది. "లేదు సార్! అక్కడే ఉన్నారు, ఒట్టు!"

"ఎక్కడ?"

"సొరంగంలో!"

"మరి స్నానాల గదిలో?"

"మా తమ్ముడు!" అంటూ ఆత్రంగా తలుపు బాదింది. లోపలివాడు ఒప్పుకున్న ప్రకారం గట్టిగా దగ్గాడు.

"ఒరేయ్, బయటికి రారా!"

లోపలి నుంచి గంభీరమైన గొంతు వచ్చింది. "ఒరేయ్ ఏమిటి? నేను మీ ఆయన్ని!"

అధికారి ఫైలు మూసి లేచాడు. ఇల్లాలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. సరిగ్గా ఆ క్షణంలో ఆమె వెనక తలుపు తెరుచుకుంది. చేతిలో పెట్టె, భుజాన కంపెనీ పేరున్న హెల్మెట్, బూట్లకి ఎండిన మట్టి. అసలు మొగుడు! ఫోనులో పెళ్లాం ఏడుపు భరించలేక, ఎవరికీ చెప్పకుండా దొరికిన విమానం ఎక్కేశాడు.

ఫైలు పట్టుకున్న మనిషిని చూడగానే అతనికి నేర్చుకున్న పాఠం గుర్తొచ్చింది.

"నేనెక్కడికీ వెళ్లలేదు సార్! ఇక్కడే, పాలకి వెళ్లొస్తున్నాను!"

అధికారి చూపు పెట్టెకి వేలాడుతున్న విమానం చీటీ మీద ఆగింది.

"పాలకి ఇంత పెట్టె తీసుకెళ్లారా?"

"అబద్ధం సార్!" అని ఇల్లాలు ఎగిరి గంతేసింది. "ఈయన చెప్పేదంతా అబద్ధం! నా మొగుడు ఒట్టి అబద్ధాలకోరు, నమ్మకండి సార్!" మొగుణ్ణి అంత సంతోషంగా ఆమె ఎన్నడూ తిట్టలేదు.

అధికారి పాస్‌పోర్టు అడిగి, ముద్రలన్నీ తిరగేసి చూసి, మొదటిసారి నవ్వాడు. "నమ్మడం లేదమ్మా. అందుకే కార్డు ఉంటుంది."

అత్తగారు కొడుకుని వాటేసుకుంది. స్నానాల గదిలో దగ్గు ఇంకా నడుస్తూనే ఉంది. అధికారి మళ్లీ కుర్చీలో కూర్చుని, "ఇప్పుడు కాస్త టీ ఇప్పిస్తారా?" అన్నాడు.

పాలకి వెళ్లొచ్చిన మనిషి ఎదురుగా ఉండగానే, ఆ పూట అందరూ పాలు లేని టీ తాగారు.