ఇందలి సమస్తమును

ఆ రోజు పొద్దున్న జీవానందం మాస్టారి పథకం చాలా చిన్నది. బిస్సమ్ కటక్‌లో పాసింజరు ఎక్కడం, రాయగడలో దిగడం, ఢిల్లీశ్వరరావు గారి ఇల్లు తన పేర రిజిస్టరు చేయించుకోవడం, సాయంత్రానికి తాళంచెవితో తిరిగి రావడం. అంతే. అందులో బీరువా లేదు. అడవిదున్న తలకాయ అసలే లేదు.

తొందర మాత్రం ఉంది. మాస్టారికి రాయగడ స్కూలుకి బదిలీ అయి నెల దాటింది. ఆయన ఉంటున్న క్వార్టరు కొత్త హెడ్మాస్టరు గారికి ఇచ్చేశారు. కొత్తాయన మర్యాదస్తుడు. "మీకు వీలైనప్పుడే ఖాళీ చెయ్యండి" అన్నాడు, అని తన సామానంతా తెచ్చి వీళ్ళ వరండాలో దించాడు. మూడు రోజులుగా మాస్టారు తన ఇంట్లోకి తాను వెళ్ళాలంటే పరాయివాళ్ళ రుబ్బురోలు దాటి, పరాయివాళ్ళ మంచం కోళ్ళ మధ్య పక్కకి తిరిగి దూరవలసి వస్తోంది. రాయగడలో అద్దెకి ఇల్లు దొరకలేదు. దొరికింది ఈ అమ్మకపు ఇల్లొక్కటే. ఉన్న పొదుపుకి భార్య దేవమణి గాజులు కలిపితే దాని ధరకి సరిపోయి, రైలు టిక్కెట్టుకి మిగిలింది. ఇది తప్పితే రుబ్బురోలు పక్కనే కాపురం అని తల్చుకుంటే మాస్టారికి అన్నం సయించడం లేదు.

దేవమణి ఆస్పత్రిలో నర్సు. పొద్దుటి డ్యూటీ దిగి మధ్యాహ్నం బస్సుకి వస్తానంది గానీ, మొగుణ్ణి ముందుగా ఒంటరిగా పంపడానికి ఆమెకి మనసొప్పలేదు. ఆయనకి 'వద్దు' అనే మాట నోటికి రాదు. పోయినసారి ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఢిల్లీశ్వరరావు బీరువా మీద చెయ్యేసి "ఇదీ తీసీసుకోండి" అంటే, ఈయన మర్యాదకి "బాగుంది" అన్నాడు. ఆ తరవాత ఆ పెద్దమనిషి రెండు కార్డులు రాశాడు. రెండింటిలోనూ ఇంటి సంగతి ఒక వాక్యం, మిగతాదంతా బీరువా.

"ఏటి సూపించినా బాగుందనకండి," అంది దేవమణి, గుమ్మంలో మంచం కోళ్ళ వెనక నిలబడి. "అసలు నోరిప్పకండి. మా ఆవిడొచ్చి సెప్తాదనండి, సాలు."

"అలగే."

"ఇంకేటీ అనరు కదా?"

"నాకేటి పని? అనను," అన్నాడు మాస్టారు. నిజంగానే అనకూడదనుకున్నాడు పాపం.

ఢిల్లీశ్వరరావు కలప కాంట్రాక్టరు. వ్యాపారం చాలించి గుణుపూరు దగ్గర పొలాలు చూసుకోవడానికి వెళ్ళిపోతున్నాడు. భార్య వరహాలమ్మ ముందే వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, ఆ దున్న తలకాయతో గానీ కొత్తింటి గుమ్మం తొక్కావంటే నేను మా పుట్టింటికి పోతానని మరీ చెప్పి వెళ్ళింది. ఈ సంగతి మాస్టారికి తెలియదు.

"రండి మాస్టారూ! బీరువా మీకోసవే ఎదురు సూస్తన్నాది," అన్నాడు ఢిల్లీశ్వరరావు వాకిట్లోనే.

ఇల్లు మంచిదే. రెండు గదులు, వంటిల్లు, పెరట్లో బావి, పనసచెట్టు. మధ్యగదిలో మాత్రం ఒక గోడంతా ఆక్రమించి టేకు బీరువా నిలబడి ఉంది. గుమ్మం కన్నా అది రెట్టింపు వెడల్పు. లోపలికి ఎలా వచ్చిందో మాస్టారికి అర్థం కాలేదు, అడిగితే అది కూడా బేరంలోకి వస్తుందేమోనని అడగలేదు. దాని పైన గోడకి అడవిదున్న తల. ఒక కన్ను గాజుది. రెండోది ఎప్పుడో ఊడిపోతే ఆ స్థానంలో గోలీ పెట్టారు. గోలీ కన్ను సరిగ్గా మాస్టారినే చూస్తోంది.

"జయపురం రాజావారి వేటలో మా నాన్న తెచ్చిన తల ఇది. బీరువా, ఉయ్యాలబల్ల, ఈ తల. మూడూ మీకే."

"మా ఆవిడొచ్చి సెప్తాదండి."

"ఆవిడొచ్చి సెప్పడానికేటున్నాదండీ? ఇల్లొకటే నేనమ్మను. సామానుతోటే ఇల్లు. డబ్బు ఇప్పుడే ఇమ్మన్నానా? నోటు రాసీండి, నెలనెలా ఇద్దురు గాని. కాదంటారా, జయపురం మిల్లు జగ్గారావు సాయంత్రం బస్సుకి వస్తన్నాడు. ఆయనకి బీరువాలంటే పేణం."

మాస్టారికి రుబ్బురోలు కళ్ళముందు కదిలింది. అయినా పళ్ళు బిగించి, "మా ఆవిడొచ్చి సెప్తాదండి" అన్నాడు. అంతవరకూ ఆయన గెలుస్తూనే ఉన్నాడు.

అప్పుడొచ్చింది పక్కింటి పుణ్యవతి గారు. ఒకప్పుడు మిషను వారి బైబిలు ఉమన్‌గా నందపూరు కొండల దాకా నడిచి వాక్యం చెప్పిన మనిషి. ఇప్పుడు చెవులు దాదాపు వినబడవు గానీ, ప్రార్థన మాత్రం ఎప్పుడూ నోట్లోనే ఉంటుంది.

"మనవాళ్ళొస్తన్నారని తెలిసి పేణం లేసొచ్చింది బాబూ! ఇంట్లో అందరూ బాగున్నారా?"

"మా అత్తగారికే, మోకాళ్ళ నొప్పులు," అన్నాడు మాస్టారు గట్టిగా.

"ప్రార్థన సేసుకుందాం," అని ఆవిడ వెంటనే కళ్ళు మూసుకుంది. మాట్లాడేటప్పుడు ఊరి భాష గానీ, ప్రార్థనలోకి దిగితే ఆవిడ పూర్తి గ్రాంథికం. "పరిశుద్ధుడవగు ప్రభువా, ఈ గృహమును, ఇందలి సమస్తమును నీ దాసుడగు జీవానందమునకు అనుగ్రహించితివి. నీకు స్తోత్రములు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ."

"ఆమెన్," అన్నాడు మాస్టారు.

అనకుండా ఎలా ఉంటాడు? మూడు తరాల నుంచి వస్తున్న మాట. నిద్రలో ఎవరైనా 'తండ్రీ' అన్నా ఆయన నోటి నుంచి అదే వస్తుంది.

"అదీ మాటంటే!" అని ఢిల్లీశ్వరరావు చప్పట్లు కొట్టాడు. ఇరవై ఏళ్ళు పుణ్యవతి గారి పక్కింట్లో ఉన్నవాడు, అతనికి ఆ మాత్రం తెలుసు. "ఆమెన్ అంటే అలగే జరుగుగాక అని కదండీ మీలో? ఇందలి సమస్తవూ అందావిడ. ఆమెన్ అన్నీసేరు మీరు. బీరువా ఇందలిది కాదేటి?"

"అది ఇంటికన్నానండి!"

"ఇంటికి వేరే, సామానుకి వేరే ఆమెన్లుంటాయేటండీ? దేవుడి ముందన్న మాట. ఇక మీ ఇష్టం."

దేవుడి ముందు అన్న మాట తప్పకూడదని ప్రతి ఆదివారం చర్చిలో పిల్లలకి చెప్పేది మాస్టారే. ఒక బీరువా దగ్గర ఆమెన్‌కి అర్థం లేదంటే, రేపు ఆ పిల్లల ముందు ఏ మొహంతో నిలబడతాడు? ప్రార్థనతో వచ్చిన చిక్కుని ప్రార్థనతోనే విప్పుదామనుకుని ఆయన పుణ్యవతి గారి చెవి దగ్గర అరిచాడు.

"అమ్మగారూ! బీరువా వద్దు! ఒట్టి ఇల్లు! ఇంటికి మాత్రవే ప్రార్థన!"

"బీరువా మరిసిపోయేనా? అయ్యో నాయనా," అని ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఈ బీరువాను నిండుగా వస్త్రములతో నింపుము..." ఈసారి నోరు విప్పేది లేదని మాస్టారు పెదవులు బిగబట్టాడు. "...ఈ బిడ్డ అత్తగారి మోకాళ్ళకు సంపూర్ణ స్వస్థత దయచేయుము తండ్రీ."

"ఆమెన్!" అని ముందుగా ఢిల్లీశ్వరరావే గట్టిగా అందించాడు. మాస్టారు నలిగిపోయాడు. ఆమెన్ అంటే బీరువా మెడకి పడుతుంది. అనకపోతే అత్తగారి మోకాళ్ళ గతేమిటి? దేవమణికి ఏమని చెప్పుకోవాలి?

"ఆమెన్," అన్నాడు నీరసంగా.

ఉయ్యాలబల్ల దగ్గరా అదే అయింది. అక్కడ దేశంలో వానలు కూడా కలిశాయి. దున్న తల దగ్గరకొచ్చేసరికి మాస్టారికి ఒక ఉపాయం తట్టింది. పుణ్యవతి గారు 'తండ్రీ' అనగానే ఆయన దగ్గడం మొదలుపెట్టాడు. కళ్ళమ్మట నీళ్ళు కారేలా, ఊపిరాడనంతగా దగ్గాడు. ఆ దగ్గు చివర "ఆ... మ్..." అని మూలిగాడు.

"బిడ్డ కన్నీళ్ళతో అన్నాడు," అంది పుణ్యవతి గారు, తనూ కళ్ళొత్తుకుంటూ.

ఒక గంటలో అందరూ రిజిస్ట్రారాఫీసు ముందు చింతచెట్టు కింద ఉన్నారు. ఆమెన్లకి సాక్షిగా పుణ్యవతి గారిని కూడా ఢిల్లీశ్వరరావు రిక్షాలో తెచ్చాడు. ఇప్పటికి అతనికి ప్రార్థన అలవాటైపోయింది. తనకి కావలసిన 'సమస్తము' దొరికాక ఆవిడ గ్రాంథికం అతను చెవిన పెట్టడం లేదు. ఆవిడ మొదలుపెడితే తన పని తాను చూసుకుంటూ, 'తండ్రీ' వినబడగానే ఆమెన్ అందిస్తున్నాడు. ఇల్లు దస్తావేజు తయారైంది. ముందు సామాను నోటు మీద మాస్టారు సంతకం పెట్టాలి, ఆ తరవాతే దస్తావేజు మీద తాను పెడతానన్నాడు. దస్తావేజులు రాసే ఒడియా బాబు నోటు రాస్తూ దున్న తల దగ్గర ఆగాడు.

"ఇది స్థావరమా, జంగమమా? మేకు కొట్టి ఉంది గనక స్థావరమే అవ్వాలి," అని కలంతో చెవి గోక్కున్నాడు.

అప్పుడే దేవమణి బస్సు దిగి వచ్చింది. నోటు చూసింది, మొగుణ్ణి చూసింది.

"నోరిప్పొద్దన్నాను కదండీ!"

"ఏటి సూపించినా బాగుందన్నేదు," అన్నాడు మాస్టారు ఏడుపుగొంతుతో. "ప్రార్థనకి ఆమెన్ అనొద్దని నువ్వు సెప్పనేదు కదా, దేవమణీ."

జరిగిందంతా చెప్పాడు. దేవమణికి కోపం, జాలి రెండూ ఒక్కసారే వచ్చాయి. ఆమెన్ కాదంటే ఈ మనిషి మళ్ళీ తలెత్తుకోలేడు. నోటు మీద సంతకం పెడితే ఏళ్ళ తరబడి దున్న తలకి వాయిదాలు కట్టాలి. వెనక్కి పోతే రుబ్బురోలు. ఆమె చీర కొంగు నడుముకి దోపుకుని ఢిల్లీశ్వరరావు వైపు తిరిగింది.

"బాబుగారూ, ఆమెన్ అంటే మాటేనా?"

"మాటేనమ్మా. దేవుడి ముందు మాట."

"ఎవరన్నా మాటేనా?"

"ఎవరన్నా మాటే!" అన్నాడు అతను, సంతోషంగా.

"అయితే మాదేటుంది, సంతకం ముందు ఒక్క ప్రార్థన సేసుకుందాం."

రోజంతా చెవిటి రోగులతో మాట్లాడే మనిషి దేవమణి. పుణ్యవతి గారి మంచి చెవి ఏదో చూసి, దాని మీద నోరు పెట్టి, ఒక్కొక్క మాటే నెమ్మదిగా చెప్పింది. "అలగేనమ్మీ," అని ఆవిడ కళ్ళు మూసుకుంది. ఢిల్లీశ్వరరావు నోటు మీదికి వంగి, ఉయ్యాలబల్ల రాసి గొలుసులు రాయలేదేమోనని వేలు పెట్టి చూసుకుంటున్నాడు.

"ప్రభువా, ఈ ఢిల్లీశ్వరరావు తన బీరువాను, తన ఉయ్యాలబల్లను, తన దున్న శిరస్సును, ఇందలి సమస్తమును తనతోకూడ గుణుపూరునకు క్షేమముగా కొనిపోవునట్లు, ఏ ఆటంకమును అడ్డు రానీయక, ఈ దినమే నీవు జరిగించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ."

"ఆమెన్!" అన్నాడు ఢిల్లీశ్వరరావు, అందరికన్నా ముందుగా, అందరికన్నా గట్టిగా.

"ఆమెన్," అన్నారు దేవమణీ, మాస్టారూ.

ఒడియా బాబు కలం ఆపేశాడు. ఢిల్లీశ్వరరావు తలెత్తి అందరి మొహాలూ చూశాడు.

"ఏటయ్యింది?"

"మీ సామాను మీరే పట్టుకెళ్ళిపోతానని దేవుడికి మాటిచ్చీసేరు," అంది దేవమణి.

"నేను కిరస్తానం కాదు కదమ్మా!"

"ఎవరన్నా మాటేనని ఇప్పుడే అన్నారు."

"ముందు మాస్టారు నాలుగు ఆమెన్లన్నారు!"

దేవమణి ఒడియా బాబుని అడిగింది. "బాబూ, ఒకే ఆస్తికి ఒకాయన రెండు వీలునామాలు రాస్తే ఏది సెల్లుతాదండీ?"

"ఆఖరుదే," అన్నాడు అతను. ఉద్యోగధర్మం అతనిది.

"అయితే ఇల్లే అమ్మను! సాయంత్రం జగ్గారావు వస్తన్నాడు!"

"ఏ జగ్గారావు? జయపురం మిల్లు బాబా?" అన్నాడు ఒడియా బాబు. "నిన్ననే స్టేషను దగ్గర ఇల్లు కొన్నాడు. నేనే రాశాను. ఒట్టి ఇల్లు."

ఢిల్లీశ్వరరావు కాసేపు చింతచెట్టు వైపు చూశాడు. గుణుపూరులో వరహాలమ్మ మొహం కూడా చూసి ఉంటాడు. ఆఖరికి దస్తావేజు మీద సంతకం పెట్టాడు. మూడు రోజుల తరవాత మాస్టారికి మొదటిసారి ఆకలి వేసింది. టీ కొట్లో నాలుగు వడలు తిని, తాళంచెవి జేబులో తడుముకుంటూ పెళ్ళాంతో కలిసి కొత్తింటికి నడిచాడు.

ఇంటి ముందు లారీ ఉంది. పక్కనే పుణ్యవతి గారి పెరట్లో నలుగురు కూలీలు నిలబడి, గునపాలతో మధ్యగది గోడ పడగొడుతున్నారు.

"ఏటండీ ఇది!" అని దేవమణి కేక పెట్టింది.

"ఆ బీరువా వడ్రంగులు ఈ గదిలోనే కూకుని సేసేరమ్మా. గుమ్మంలోంచి రాదు," అన్నాడు ఢిల్లీశ్వరరావు ఎంతో వినయంగా. "విప్పితే మళ్ళీ కలిపే మొనగాడేడీ? నేనైతే ఒగ్గీసి పోదునే. ఏ ఆటంకవూ అడ్డు రాకుండా ఈ రోజే పట్టుకెళ్ళాలని మీరే ప్రార్థన సేయించేరు. మీరూ ఆమెన్ అన్నారు. ఈ గోడకన్నా ఆటంకం ఏటున్నాదమ్మా?"

మాస్టారు దేవమణి వైపు చూశాడు గానీ ఏమీ అనలేదు. ఆ మాత్రం తెలివి ఆయనకి ఆ రోజే వచ్చింది. పొద్దు వాలే వేళకి లారీ కదిలింది. బీరువా మీద తాళ్ళతో కట్టిన దున్న, మలుపు తిరిగేదాకా గోలీ కన్నుతో మాస్టారినే చూస్తూ వెళ్ళింది.

ఆ వారంలోనే వాళ్ళు దిగారు. గోడ లేనిచోట టార్పాలిను కట్టారు. అటువైపు పుణ్యవతి గారి పెరడు కావడం వల్ల, ఆవిడకి వీధి చుట్టూ తిరిగి వచ్చే శ్రమ తప్పింది. మొదటి రోజు పొద్దున్నే టార్పాలిను ఎత్తుకుని వచ్చి గది మధ్యలో నిలబడి కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, పడిపోయిన ఈ గోడను శీఘ్రముగా కట్టించుము తండ్రీ."

ఎవరి ఖర్చుతోనో ఆవిడ చెప్పేదాకా జీవానందం మాస్టారు ఆమెన్ అనలేదు.