సరిహద్దు దాటబోయిన దిండు

పులికాట్ సరస్సులో కామాక్షయ్య దాటని హద్దంటూ లేదు. చేపల వెనక పడవ తోసుకుంటూ పోయి తమిళనాడు వైపు తేలేవాడు. అక్కడివాళ్ళ చేత అరవంలో నాలుగు తిట్లు తిని, తీరిగ్గా ఇటు తిరిగొచ్చేవాడు. ఏనాడూ ఎవరూ గుర్తింపు కార్డు అడగలేదు. అలాంటి మనిషి యాభై ఎనిమిదో ఏట కార్డు చేతబట్టుకుని, రైలెక్కి నేపాల్ దేశానికి బయల్దేరుతున్నాడు.

ఈ ప్రయాణం అతని ముచ్చట కాదు, భార్య గంగాభవాని మొక్కు. కిందటేడు తుపానులో కామాక్షయ్య పడవ రెండు రోజులు ఆచూకీ లేకుండా పోయింది. మొగుడు ప్రాణాలతో దరి చేరితే ఇద్దరం నీ పుట్టిల్లు జనకపురానికి వస్తామని, పోయివచ్చే పదకొండు రోజులూ నీసు ముట్టమని ఆవిడ సీతమ్మకు మొక్కుకుంది. మొగుడు దరి చేరాడు. మొక్కులో మొదటి సగం అతనికి బాగా నచ్చింది. రెండో సగం వినేసరికి తుపానే నయమనిపించింది.

"పదకొండు రోజులా? ఏమ్మే, అంత మొక్కు మొక్కేటప్పుడు నన్నొక మాట అడగొద్దా?"

"నువ్వు నీళ్ళలో ఉండావు గదయ్యా. నీ ఫోను మోగలా."

"పోనీ, గుడ్డు తినొచ్చా?"

"గుడ్డు యాడ నుంచి వస్తాదో తెలుసునా?"

"అంగట్లో నుంచి."

గంగాభవాని చీపురు పక్కన పెట్టి వేలు చూపించింది. "సంచిలో ఒక్క పొలుసు కనబడినా నిన్నింట్లోనే వదిలేసి తమ్ముణ్ణి తీసకపోతా. మొక్కు సగమన్నా తీరుతుంది."

తమ్ముడు శివశంకర్ పక్కింట్లోనే ఉంటాడు. అక్క ఆ మాట అన్న సాయంత్రమే వెళ్ళి కొత్త చెప్పులు కొనుక్కొచ్చాడు.

కామాక్షయ్య ఇరుక్కుపోయాడు. ఫారిన్ పోతున్నానని రేవు నుంచి దొరవారిసత్రం దాకా టముకు వేసి ఉన్నాడు. పోకపోతే తలెత్తుకోలేడు. పోతే చేప లేకుండా ముద్ద దిగదు. ఒక మధ్యాహ్నం భార్య బయటికి పోయిన సమయం చూసి తన దిండు విప్పాడు. సగం దూది పీకేసి, ఎండు నెత్తళ్ళ చేపలు సంచిలో పోసి లోపల కూరి, వల అల్లే దారంతో కుట్టి ముడి వేశాడు. తల పెట్టి చూస్తే గలగలమంది. ఆ చప్పుడుకే నిద్ర ముంచుకొచ్చింది.

ఇక వాసన పరీక్ష మిగిలింది. దిండు తీసుకెళ్ళి బామ్మర్ది ముక్కు కింద పెట్టాడు.

"తలనూనె కంపు కొడతా ఉండాదేమో చూడరా."

శివశంకర్ గట్టిగా పీల్చాడు. "ఏ వాసనా లేదే బావా."

ఆ వీధిలో ఇంకో ఆరుగురి చేత వాసన చూపించాడు. ఎవరికీ ఏమీ రాలేదు. ఎండుచేపల మధ్య పుట్టి ఎండుచేపల మధ్య పెరిగినవాళ్ళకు ఎండుచేప వాసన గాలి వాసనేనన్న చిన్న సంగతి కామాక్షయ్యకు తట్టలేదు. తట్టడానికి అతనిదీ ఆ వీధే కదా.

చిత్రమేమిటంటే, అప్పటినుంచి ఇంట్లో పది రోజులూ నెత్తళ్ళ పులుసే. ఒకరోజు మామిడికాయ వేసి, ఇంకోరోజు వంకాయ వేసి. "తినయ్యా, మళ్ళీ పదకొండు రోజులు దొరకదు" అంటూ గంగాభవాని కొసరి కొసరి వడ్డించేది. కామాక్షయ్య లొట్టలు వేస్తూ తిని, పిచ్చిది, రైల్లో కూడా నాకుందని దీనికేం తెలుసు అని లోలోపల నవ్వుకునేవాడు.

ప్రయాణానికి ముందురోజు పొద్దున్నే యాత్ర నడిపించే మాలకొండయ్య పంతులుగారు వచ్చారు. ఉల్లిపాయ కూడా తినని మనిషి. ఒకసారి నేపాల్ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి ప్రతి మాటా 'బోర్డర్లో' అనే మొదలుపెడతారు. ఊరు ఆయనకు బోర్డరు మాలకొండయ్య అని పేరు పెట్టేసింది.

"బోర్డర్లో ఓటరు కార్డు చూస్తారు. ఇందులో ఉండేదెవరు?"

"నేనే సార్."

"నమ్మరు. ఫోటోలో మాదిరి మొహం పెట్టాల. కొంచెం ఏడవండి."

కామాక్షయ్య ఏడుపు మొహం పెట్టాడు.

"ఆఁ, ఇప్పుడు మీరే."

ఎందుకైనా మంచిదని గంగాభవాని వాకిట్లో అడ్డంగా పాత వల తాడు కట్టించింది. ఇటు ఇండియా, అటు నేపాల్. నేపాల్లో కోళ్ళగంప ఉంది. సంచులన్నీ వరసగా పెట్టించి, "ఇంక తనిఖీ చేయండి సార్" అంది.

"బోర్డర్లో కుక్కల చేత వాసన చూపిస్తారమ్మా."

"మాకు కుక్క లేదు. పిల్లితో కానిద్దాం."

వీధిలో మేనేజరని ఒక ముసలి పిల్లి ఉంది. రోజంతా పడుకుని, చేప కనబడితేనే కళ్ళు తెరుస్తుంది కాబట్టి ఆ పేరు. దాన్ని తెచ్చి వదిలారు. బట్టల సంచి దాటింది, మందుల సంచి దాటింది, దిండు దగ్గరికి వచ్చి రెండు కాళ్ళతో కావలించుకుంది.

"సార్, మీకేమన్నా వాసనొస్తా ఉండాదా?" అని అడిగింది గంగాభవాని.

పంతులుగారు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. "ఈ వీధిలో కాలు పెట్టిన కాడి నుంచీ ఒకటే వాసన తల్లీ. దిండుదో వీధిదో నేనెట్లా చెప్పేది?"

శివశంకర్ కొత్త చెప్పులేసుకుని పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, కోసేద్దామా?"

"వద్దు! ప్రయాణం ముందు దిండు కొయ్యడం అపశకునం!" అని కామాక్షయ్య కేకపెట్టాడు.

"ఏ శాస్త్రంలో ఉండాది?"

"దిండు శాస్త్రంలో."

గంగాభవాని దిండు ఒళ్ళో పెట్టుకుని ముడి విప్పసాగింది. కామాక్షయ్య కళ్ళు మూసుకున్నాడు. తుపానులో కూడా అతను అంత భయపడలేదు. తన ప్రాణం కోసం మొక్కిన మొక్కుకే తను దొంగదారి వెతికానని మొదటిసారి సిగ్గేసింది.

గలగలమని ఏవో రాలాయి. కళ్ళు తెరిచి చూశాడు. నేలమీద ఎండబెట్టిన గోరుచిక్కుళ్ళు, గుప్పెళ్ళకు గుప్పెళ్ళు. మేనేజరు వాటిని వాసన చూసి తుమ్మి, తాడు దాటి నేపాల్ వెళ్ళిపోయింది.

"దిండులో కూరగాయలేందమ్మా?" అని పంతులుగారు నోరు తెరిచారు.

"దూది వేడి చేస్తుంది సార్. మా ఆయనకు ఇదే చలవ."

"ఎంత సాత్వికుడు!" అని పంతులుగారు కామాక్షయ్యకు చేతులెత్తి దణ్ణం పెట్టి వెళ్ళారు. శివశంకర్ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఇంటికి పోయాడు.

నెత్తళ్ళేవని అడిగితే కామాక్షయ్య దొంగవుతాడు. అడగకుండా ఉండలేడు. కాసేపు గుంజను గోకి, మెల్లగా అన్నాడు.

"భవానీ, ఈ పది రోజులూ పులుసు బాగుండింది."

"బాగుండదా మరి? నువ్వు ఏరి దాచిన సరుకు గదా."

కామాక్షయ్య కూలబడ్డాడు. "ఎట్లా తెలిసింది?"

"దిండుకి వల ముడి వేసినోణ్ణి నిన్ను తప్ప ఇంకెవుర్నీ చూళ్ళా. నేను మాత్రం వల అల్లే ఇంట్లో పుట్టలేదా? రోజూ విప్పినా, రోజూ అట్టాగే వేసినా. గలగలమనకపోతే నీకు నిద్ర పట్టదని ఎండు గోరుచిక్కుళ్ళు పోసినా."

"మరి తమ్ముడి ముందర పట్టియ్యలేదేం?"

"మొక్కింది నీ ప్రాణం కోసరమయ్యా. నిన్నీడ వదిలేసి పోయి సీతమ్మకి ఏం చూపించేది, వాడి చెప్పులా?"

కామాక్షయ్య కళ్ళు తుడుచుకుని, వంగి గోరుచిక్కుళ్ళన్నీ ఏరడం మొదలుపెట్టాడు. గంగాభవాని వాటిని గుప్పెళ్ళతో తీసి మళ్ళీ దిండులో పోస్తోంది.

"మళ్ళీ అందులోనే పోస్తా ఉండావేం?"

"పదకొండు రోజులూ కూర ఏందనుకున్నావు?"

అతను లేచి సూదీ దారమూ తెచ్చిచ్చాడు. ముడి ఈసారి ఆవిడే వేసింది.