వరండాకు వినబడేలా

కాన్పు నొప్పులకు మందు కనిపెట్టినవాడు మగజాతికి చేసిన అన్యాయం ఇంతా అంతా కాదండీ! నొప్పే లేకపోతే ఆస్పత్రి వరండాలో కూర్చున్న మగాళ్ళకు పనేముంటుంది? వక్కాకు ఎందుకు నమలాలి? దేవుళ్ళకు ఎందుకు మొక్కుకోవాలి?

నమ్మకం కుదరలేదా? అయితే సోమందేపల్లె బట్టల వ్యాపారి బదరీనారాయణ సంగతి వినండి. అరవై రెండో, అరవై మూడో సంవత్సరం. మబ్బు మొహం చూపని ఎండాకాలం. ఆయన భార్య సుశీలమ్మకు రెండో కాన్పు. మొదటిది పుట్టింట్లో మంత్రసాని చేతిలో, చావు అంచుదాకా పోయి వచ్చింది. అందుకని ఈసారి జట్కా కట్టించి పట్నం ఆస్పత్రికి తెచ్చారు.

లేడీ డాక్టరు కొత్తగా వచ్చిన మనిషి. వరండాలోకి వచ్చి, "నొప్పి తగ్గే ఇంజక్షను ఉంది, వేయమంటారా?" అని అడిగింది. ఎవరిని? నొప్పి పడే మనిషిని కాదు లెండి, అంత తప్పు చేయలేదు. బదరీనారాయణనే అడిగింది.

లోపల సుశీలమ్మ దుప్పటి కొరుకుతూ చెవులు రిక్కించింది. "వేయండి" అనే ఒక్క మాట కోసం.

వరండాలో సభ మొదలైంది. ముందుగా బదరీనారాయణ మేనమామ ఈశ్వరప్ప.

"నొప్పి పడకుంటే బిడ్డ మీద మమకారం యాడ పుడతాదప్పా? బండి గూడా కిర్రుమంటేనే గదా కదిలేది."

"ఆ మందు దిగితే బిడ్డ మొద్దయితాదంట అన్నా. లెక్కలు రావంట," అన్నాడు గుమాస్తా సోమశేఖర్.

వ్యాపారి ఇంట్లో లెక్కలు రాని బిడ్డా! బదరీనారాయణ అక్కడికక్కడే తేల్చేశాడు. "వద్దు డాక్టరమ్మా. కేకలు వినపడతాంటే మాకూ ధైర్యంగా ఉంటాది."

ఎంత లోతైన మాటో చూశారా! ఆ ఇంటి ఆచారం కూడా కేకల మీదే నడుస్తుంది. కోడలు అరిచినప్పుడల్లా అత్త లలితమ్మ ఒక ముడి విప్పాలి, అప్పుడే కాన్పు సులువవుతుందట. బట్టల మూట విప్పింది. కొడుకు మొలతాడు విప్పించింది. జట్కా గుర్రాన్ని కూడా విప్పించింది. గుర్రం దాని దారిన అది పోయింది.

"వాళ్ళు వద్దన్నారమ్మా," అంది డాక్టరు లోపలికి వచ్చి.

సుశీలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నొప్పి నాది గదమ్మా. నువ్వు ఏసెయ్. వాళ్ళకు కావాల్సింది కేకలే, అవి నేనిస్తా."

డాక్టరు తలుపు వైపు ఒకసారి చూసి ఇంజక్షను వేసింది. కాసేపటికి నొప్పి ఎక్కడో పక్క ఊళ్ళో ఉరిమినట్టు దూరమైంది. సుశీలమ్మకు కునుకు పట్టింది.

వరండా కంగారు పడింది. "సద్దు లేదే, ఏమైనాదో," అని బదరీనారాయణ గొంతు.

ఆయా సుంకమ్మ సుశీలమ్మ భుజం తట్టింది. "లెయ్యమ్మా. బయట భయపడతాండారు. ఒగటి ఇడువు."

కళ్ళు మూసుకునే, "ఓయమ్మో, సచ్చిపోతాండా" అని ఆస్పత్రి అదిరేలా అరిచింది సుశీలమ్మ.

"ఇంగ బయం లేదు," అన్నాడు ఈశ్వరప్ప. "ఇంజక్షను ఏయించుంటే ఇట్ల పలికేదా?"

పొద్దుగూకే వేళకు ఆడపిల్ల పుట్టింది. మందూ మాకూ లేకుండా కనిందని చెప్పుకుంటూ బదరీనారాయణ అందరికీ చక్కెర పంచాడు.

లలితమ్మ లోపలికి వచ్చింది. బిడ్డను చూసింది, కోడలి మొహం చూసింది. తలుపు దగ్గరికి వేసి మంచం పక్కన కూర్చుంది.

"నిజంగా నొప్పులు పడేదానికి అంత గొంతు యాడిది మే?"

సుశీలమ్మ బిడ్డ వైపు మొహం తిప్పుకుంది.

అత్త ఆమె నుదుటి చెమటను కొంగుతో తుడిచింది. "ఏడుమందిని కనినా. నాకు తెలీదా? ఆ మందు పేరేందో చెప్పు. నా కూతురికి నెలలు నిండుతాండాయి. దాని అత్తోళ్ళ వరండా ఇంకా పెద్దది."