పోయినోడు మంచోడు

పందొమ్మిది వందల డెబ్బైమూడు, ఎండాకాలం. ఆ ఆదివారం సదయ్యకు కావలసింది ఒక్కటే, నిద్ర. బొగ్గుగనిలో వారం రోజులుగా రాత్రి షిఫ్టు. గోదావరిఖనిలోని అతని ఒంటిగది క్వార్టరులో బావమరిది పిల్లాజెల్లాతో దిగి మూడు రోజులైంది. పగలు కన్ను మూస్తే ఎవరో ఒకరు కాలు తొక్కుతున్నారు. అందుకని బొగ్గుబాయి నుంచి ఇంటికి పోకుండా, టాకీసులో పొద్దున ఆటకు పోయి వెనక బెంచీలో పడుకుందామనుకున్నాడు. టోపీకి తగిలించుకునే తన తలదీపం తోటి కార్మికుడు గట్టయ్య చేతిలో పెట్టి, లాంపురూములో అప్పజెప్పమని చెప్పి గబగబా వెళ్లిపోయాడు.

గట్టయ్యదీ అదే షిఫ్టు, అదే నిద్రమత్తు. తన దీపం ఇచ్చి, రెండోదాన్ని నీళ్లకుండ పక్కన మరచిపోయి, ఇంటికెళ్లి పడుకున్నాడు. దీపం వాపసు రాలేదంటే మనిషి పైకి రానట్టే. బోర్డు మీద సదయ్య నంబరు బిళ్ల ఒక్కటే వేలాడుతుంటే గుమాస్తాకు చెమటలు పట్టాయి. ఆఫీసరు వెతకడానికి మనుషులను లోపలికి దింపాడు. కబురు క్వార్టర్లకు చేరేసరికి "దొరకలేదు" కాస్తా "పోయిండు" అయింది.

టాకీసులో సదయ్య కళ్లు మూసుకున్నాడు గానీ చెవులు మూసుకోలేకపోయాడు. తెర మీద చావుమంచంలో ఉన్న తండ్రి, ఆలస్యంగా వచ్చిన కొడుకును "భోజనం చేశావా నాయనా?" అని అడిగాడు. సదయ్య లేచి కూర్చున్నాడు. నిరుడు తన తండ్రి పోయినప్పుడు అతను బాయిలో ఉన్నాడు. ఊరు చేరేసరికి బూడిదే మిగిలింది. అప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. ఆట అయ్యేదాకా ఏడుస్తూనే ఉన్నాడు, కునుకన్నది లేదు.

బయటికొస్తే జనం బాయి వైపు పరుగెడుతున్నారు. ఎవరో లోపల చిక్కుకొని పోయాడన్నారు. మనసు ముందే మెత్తబడి ఉంది, సదయ్య కూడా వెంట నడిచాడు. గుంపు మధ్య ఎవరో ఆడమనిషి బొంగురుపోయిన గొంతుతో శోకం పెడుతోంది. పోయినవాడు కూరలో ఉప్పు లేకున్నా మాట్లాడకుండా తినేవాడట. పెండ్లాం తరఫువాళ్లు వస్తే మొహం చిట్లించేవాడు కాదట. అంత మంచివాడు పోయాడే అని సదయ్య తువాలు నోట్లో కుక్కుకొని ఏడ్చాడు. ఓదార్చుదామని జనాన్ని తప్పించుకొని ముందుకెళ్తే, ఆమె తన పెండ్లాం సమ్మవ్వ.

సమ్మవ్వ శోకం ఆపి అతన్ని తల నుంచి కాలి దాకా తడిమి చూసింది.

"యాడికి పోయినవ్?"

"సినిమాకు."

"మరి ఏడుస్తున్నవేంది?"

"ఎవలో మంచోడు పోయిండంటె ఏడుపాగలె."

"ఆర్నెల్ల సంది సినిమాకు తోల్కపొమ్మంటున్న. ఒక్కనివే పోయినవా?"

ఆఫీసరు కడుపునిండా తిట్టి, ఆ రాత్రి డ్యూటీకి రావద్దన్నాడు. ఇక పడుకోవచ్చని సదయ్యకు ప్రాణం లేచొచ్చింది. సమ్మవ్వ మాత్రం బావమరిది కుటుంబంతో సహా అతన్ని సాయంత్రం ఆటకు బయల్దేరదీసింది. తెర మీద తండ్రి భోజనం మాట అడగ్గానే హాలంతా వెక్కివెక్కి ఏడ్చింది. వెనక బెంచీలో సదయ్య గురక పెట్టాడు.

పొద్దున శోకంలో చెప్పిన మంచిగుణాలన్నీ ఇంటికి నడిచేలోపు సమ్మవ్వ ఒక్కొక్కటే వాపసు తీసుకుంది.